హాజీ ఎబాద్ ఊరికే ఇస్తానన్న స్థలం

హాజీ ఎబాద్ తన ఖాళీ స్థలం మాకు ఊరికే ఇస్తానన్నాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు కంటిమీద కునుకు లేదు.

ఊరికే ఎవరైనా ఏమైనా ఇస్తారా? అందులోనూ హాజీ ఎబాద్. వాళ్ళ నాన్నకీ మా నాన్నకీ నీళ్ళ వంతు దగ్గర చెడింది. మా నాన్న తన వంతు అయిపోయాక కూడా మడవ మూయలేదని వాళ్ళ నాన్న మసీదు ముందు నిలబడి అందరూ వినేలా అరిచాడట. మా నాన్న కూడా తక్కువ తినలేదు. అప్పట్నుంచి రెండిళ్ళ మధ్యా ఉన్నది ఒక్క మట్టిగోడే అయినా రాకపోకలు లేవు. కొత్త సంవత్సరం నాడు గుమ్మంలో నిలబడి ఒక మాట, ఎవరైనా పోతే వెళ్ళి ఒక ఫాతిహా, అంతే. అలాంటి మనిషి ఈ వసంతంలో గోడ మీదుగా తల పెట్టి "ఈ స్థలం మీదే అనుకోండి" అంటే, నేను సంతోషపడి తీసేసుకోవాలా?

మా ఊరు కమ్సర్‌లో నన్ను చాటుగా అనుమానాల మాహ్లకా అంటారని నాకు తెలుసు. అననివ్వండి. మాది గులాబీల నుంచి పన్నీరు తీసే బట్టీ. సీసా మూత తీసి వాసన చూడకుండా ఇంతవరకూ నేను ఏదీ కొనలేదు, ఏదీ అమ్మలేదు. కుళాయి నీళ్ళలో రెండు చుక్కల సెంటు వేసి పన్నీరని అమ్మేవాళ్ళ మధ్య బతకాలంటే అలాగే ఉండాలి. మా తమ్ముడు నొస్రత్ అలా ఉండడు. ఎవరు నవ్వుతూ పలకరించినా వాడికి ఆప్తులే. అందుకే నాన్న పోతూ పోతూ బట్టీ తాళాలు నా చేతిలో పెట్టాడు.

పన్నీరు తీయడంలో బ్రహ్మవిద్య ఏమీ లేదు. రాగి డేగిసాలో పూలూ నీళ్ళూ పోసి కింద మంట పెడితే ఆవిరి లేస్తుంది. ఆ ఆవిరి గొట్టంలోంచి వస్తూ చల్లబడితే పన్నీరు, చల్లబడకపోతే వట్టి గాలి. మొత్తం కిటుకంతా చల్లబరచడంలోనే ఉంది. ఇన్ని తరాలూ ఆ పని ఖనాత్ నీళ్ళు చేసిపెట్టాయి. కొండ కడుపులోంచి సొరంగం గుండా వచ్చే ఆ నీళ్ళు మండుటెండల్లో కూడా పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉండేవి. వీధి కాలవలో గలగలమంటూ, ముందు హాజీ స్థలంలోంచి ఆయన ఇంటి కిటికీ కిందుగా పారి, తర్వాత మా తొట్టిలోకి దూకేవి. ఎవరెవరో ఎగువన లోతు బోర్లు వేశారు. కాలవ సన్నబడింది, నీటి పాయ దారమంత అయింది, కిందటేడు అది కూడా తెగిపోయింది.

కిందటి గులాబీల నెలంతా ట్యాంకర్ నీళ్ళతో నెట్టుకొచ్చాం. పొద్దెక్కేసరికి తొట్టిలో నీళ్ళు వేడెక్కిపోయేవి. మిగిలిన పూలమూటలు బతిమాలి పక్క బట్టీలకి పంపాం. గులాబీ తెల్లవారకముందే కోస్తారు, ఆ రోజే డేగిసాలో పడాలి. మర్నాటికి అది గులాబీ కాదు, చెత్త. ఈ ఏడు కూడా రైతుల మూటలు వెనక్కి పంపితే వాళ్ళు ఇక మా గుమ్మం తొక్కరు. మా తాతలనాటి డేగిసాలు రాగి కొనేవాడి తక్కెడలోకి పోతాయి. అందుకని నొస్రత్ తన బాదం తోట అమ్మేశాడు. ఆ డబ్బుతో కూలింగ్ టవర్ కొన్నాం.

టవర్ అంటే మరీ గోపురం ఏమీ కాదు. ఒక గది అంత పెట్టె. వేడెక్కిన నీళ్ళు దాని నెత్తిన పోస్తే లోపలున్న పలకల మీదుగా జల్లుజల్లుగా కిందికి పడతాయి. పైనున్న ఫ్యాన్ పక్కలనుంచి గాలిని లాగి పైకి వదులుతుంది. లేచే గాలి తగిలి పడే నీళ్ళలో కొంత ఆవిరైపోతే, మిగతావి చల్లబడి అడుగు తొట్టిలో చేరతాయి. మళ్ళీ గొట్టాల దగ్గరికి వెళ్తాయి. కొనడం తేలికే. ఎక్కడ పెట్టాలన్న దగ్గరే మా ప్రాణం మీదికి వచ్చింది.

స్థలం చూడటానికి కాషాన్ నుంచి తాబందే అనే ఇంజనీరు వచ్చింది. ముప్పై దాటని పిల్ల, తలగుడ్డ కింద చెవి వెనక పెన్సిలు. వస్తూనే టీ కూడా తాగకుండా మిద్దె ఎక్కింది. పాత ఇటుక కమాను మీద అరికాలితో రెండుసార్లు తట్టి, "దీనిమీద నీళ్ళు నిండిన టవర్ పెడితే పన్నీటికి బదులు మనల్ని తీస్తారు, శిథిలాల్లోంచి," అంది. ముందు వాకిట్లో పూలరేకులు ఆరబోసే చోటు చూసి, ఇక్కడా వద్దంది. తుంపర పడితే రేకులు బూజు పడతాయట. అంతవరకూ నాకు నచ్చింది.

తర్వాత, "ఖానుం, ఇంట్లో ఎస్ఫంద్ ఉందా?" అని అడిగింది.

దిష్టికి నిప్పుల మీద వేసే గింజలు అడిగితే నాకు ముచ్చటేసింది. చదువుకున్న పిల్ల అయినా భయభక్తులు ఉన్నాయి అనుకుని కుంపటి తెచ్చి ఇచ్చాను. ఆ పిల్ల దిష్టి తీయలేదు. చిటపటలాడే గింజల పొగ ఎటు పోతోందో చూస్తూ కుంపటి పట్టుకుని పెరడంతా తిరిగింది. పెరటి మూల, బాయిలరు గదికీ వీధిగోడకీ మధ్య, నేను ముందే టవర్ కోసం అనుకున్న చోట నిలబడింది. పొగ పైకి లేచి, గోడకి తగిలి, తిరిగి ఆ పిల్ల మొహం మీదికే వచ్చింది.

"చూశారా? ఇక్కడ పెడితే టవర్ తను వదిలిన వేడిగాలి తనే పీలుస్తుంది. నీళ్ళు చల్లబడవు," అంది దగ్గుతూ.

"మూల కదమ్మా, దారికి అడ్డం ఉండదు," అన్నాను.

"దారికి అడ్డం ఉండదు, గాలికే అడ్డం."

తర్వాత నిచ్చెన వేయించుకుని హాజీ వైపు గోడ ఎక్కి కుంపటి అటు చాపింది. పొగ తిన్నగా, ఎక్కడా ఆగకుండా, కొండ వైపు సాగిపోయింది. అవతల చేతిలో రాగిచెంబుతో హాజీ ఎబాద్ నిలబడి ఉన్నాడు.

"ఏం వెతుకుతున్నావమ్మా గోడెక్కి?"

"గాలి, హాజీ."

"గాలి అయితే ఇటే. మీ వైపు అన్నీ గోడలేగా," అన్నాడు. ఆ మాట నాకు వినపడాలనే అన్నాడని నాకు తెలుసు.

నొస్రత్ కూడా నిచ్చెన ఎక్కి సలాం చెప్పి, కూలింగ్ టవర్ గురించి మొదలుపెట్టాడు. అడిగినవీ అడగనివీ అన్నీ చెప్పేశాడు. నేను కిందనుంచి వాడి ప్యాంటు అంచు పట్టి లాగుతూనే ఉన్నాను. హాజీ చెంబు గోడ మీద పెట్టి అన్నీ విన్నాడు. ఆ తర్వాత అడిగిన ప్రశ్నలు చూడండి.

"నీళ్ళు పైనుంచి కిందికి పడతాయా?"

"అవును హాజీ," అంది తాబందే.

"ఆగకుండానా?"

"గులాబీల నెలంతా రాత్రీ పగలూ."

"చప్పుడు బయటికి వినపడుతుందా?"

"వినపడుతుంది. అబద్ధమెందుకు? ఫ్యాన్ హోరు కొంచెమే, నీళ్ళ చప్పుడే ఎక్కువ. పక్కనే పెద్ద వాన కురుస్తున్నట్టు ఉంటుంది."

హాజీ గడ్డం నిమురుకున్నాడు. "అయితే ఈ స్థలం మీదే అనుకోండి. మీకంటే ఎక్కువా," అన్నాడు.

మా ఊళ్ళో "మీకంటే ఎక్కువా" అన్న మాటకి విలువ లేదు. టాక్సీవాడు అంటాడు, రొట్టెలవాడు అంటాడు. అన్నాడు కదా అని డబ్బివ్వకుండా దిగిపోతే వీధి చివరిదాకా తరుముకొస్తాడు. ఇచ్చేవాడు ఇస్తాననాలి, పుచ్చుకునేవాడు వద్దనాలి, మూడుసార్లు. అది మర్యాద. కాబట్టి నేను కిందనుంచే, "మీ నీడ మా మీద చల్లగా ఉండాలి హాజీ, అంతే చాలు," అన్నాను. ఆయన మళ్ళీ అన్నాడు. "మీకెందుకు శ్రమ," అన్నాను. మూడోసారీ అన్నాడు. "మీ చేతికి నొప్పి రాకూడదు, మా పెరడు మాకు సరిపోతుంది," అన్నాను. అక్కడితో అయిపోవాలి. మర్యాదగా అందరం ఎవరింట్లోకి వాళ్ళం వెళ్ళిపోయాం.

మర్నాడు హాజీ మా వీధి గుమ్మంలోకి వచ్చాడు. నాలుగోసారి.

అక్కడే నా అనుమానం గట్టిపడింది. మర్యాద మాట మూడుసార్లతో ఆగుతుంది. నాలుగోసారి వచ్చాడంటే అది మర్యాద కాదు, ఇంకేదో ఉంది. పైగా ఒట్టిచేతులతో రాలేదు. మేకులూ దారమూ తెచ్చుకున్నాడు.

"నొస్రత్, రా నాయనా, చూపిస్తాను," అని మా వాణ్ణి స్థలంలోకి తీసుకెళ్ళాడు. నేనూ వెనకే వెళ్ళాను, నన్ను పిలవకపోయినా. ఆ స్థలంలో ఒకప్పుడు దానిమ్మ చెట్లుండేవి. ఇప్పుడు ఎండిన మోళ్ళు. ఇంత ఖాళీ ఉండగా ఆయన నేరుగా తన ఇంటి కిటికీ దగ్గరికి నడిచి, అక్కడ మేకులు పాతి దారం కట్టాడు.

"ఇక్కడ పెట్టండి."

ఆ కిటికీ లోపల ఆయన భార్య జీవర్ పడుకుని ఉంటుందని ఊరందరికీ తెలుసు. పక్షవాతం వచ్చి మంచం పట్టింది. రోగిష్ఠి మనిషి తలాపున రాత్రీ పగలూ హోరెత్తే యంత్రం పెట్టమని ఏ మొగుడైనా అడుగుతాడా?

"హాజీ, అంత దగ్గరగానా? అటు చివర పెట్టినా చాలు కదా," అన్నాడు నొస్రత్.

హాజీ నీళ్ళు నమిలాడు. "అటు నేల మెత్తన," అన్నాడు.

అటు నేల రాయిలా ఉంది. మడమతో తన్ని చూశాను.

ఇంటికొచ్చాక తమ్ముడికి వివరంగా చెప్పాను. టవర్ కిటికీ పక్కన పెట్టనిస్తాడు. గులాబీల నెల మంచి ఊపులో ఉండగా, రోగిష్ఠి భార్యకి నిద్ర లేదని మునిసిపాలిటీలో ఫిర్యాదు పడేస్తాడు. వాళ్ళొచ్చి సీలు వేస్తారు. లేదంటే, నా స్థలంలో ఉన్న యంత్రం కాబట్టి బట్టీలో భాగం ఇమ్మంటాడు. అదీ కాదంటే టవర్ నుంచి వదిలే నీళ్ళతో తన దానిమ్మలు బతికించుకుంటాడు. మా నాన్న వాళ్ళ వంతు నీళ్ళు దొంగిలించాడన్నవాళ్ళు, ఇప్పుడు మా నీళ్ళు తాగి పగ తీర్చుకుంటారు.

"అక్కా, వీటిలో ఏదో ఒకటి ఎంచుకో. అన్నీ ఒకేసారి ఎలా చేస్తాడు?" అన్నాడు నొస్రత్.

"ఒక్కటి చేసినా చాలు మనం మునగడానికి."

"దానిమ్మలే బతికితే బతకనీ. వదిలేసే నీళ్ళేగా."

"నీ బాదం తోట అమ్ముకున్నది ఆయన దానిమ్మల కోసమా?"

వాడు టీ గ్లాసు తీసుకుని అవతలికి వెళ్ళిపోయాడు. వాడు నాతో వాదించడు, అదే వాడిలో నాకు నచ్చనిది.

ఇంకో సంగతి కూడా కంటపడింది. ఇంజనీరు పిల్ల మళ్ళీ వచ్చిన రోజు, మా ఇంటికి రాకముందే హాజీ వాకిట్లో కూర్చుని ఉంది. అక్రోటు మిఠాయి తింటోంది. హాజీ చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు. ఆ పిల్ల తలొంచుకుని వింటోంది. నన్ను చూసి ఇద్దరూ మాట ఆపేశారు.

"హాజీగారి మిఠాయి బాగుందా?" అని అడిగాను, మా గుమ్మంలోకి రాగానే.

"చాలా బాగుంది ఖానుం. మీరూ రావలసింది."

"ఏమంటాడు?"

"స్థలం గురించే." వేళ్ళకంటిన మిఠాయి పొడి దులుపుకుంది. "మిగతాది ఆయన చెప్పుకోవలసిన మాట. నేను చెప్పకూడదు."

ఇంకేం కావాలి? నాకు అంతా అర్థమైపోయింది. ఒళ్ళు మండింది. టవర్ మా పెరటి మూలే పెట్టమన్నాను.

తాబందే చెవి వెనక పెన్సిలు తీసి మళ్ళీ అక్కడే పెట్టుకుంది. "ఖానుం, మూలలో పెడితే పనిచెయ్యదు. పొద్దున బాగానే ఉంటుంది, ఎండెక్కాక చేతులెత్తేస్తుంది. నేను మర్యాదకి చెప్పట్లేదు. నిజంగా చెబుతున్నాను."

"నేనూ మర్యాదకి వినట్లేదు. నిజంగానే వద్దంటున్నాను," అన్నాను.

క్రేన్ వచ్చింది. టవర్ మూలన కూర్చుంది, అత్తింట్లో అలిగి కూర్చున్న కోడలిలా, మూడువైపులా గోడలు చూసుకుంటూ. గోడ అవతల హాజీ నిలబడి చూశాడట. ఆయన మేకులు చాలా రోజులు అలాగే ఉన్నాయి, దారం కూడా.

గులాబీలు విచ్చుకున్నాయి. తెల్లారేసరికి గాడిదల మీదా వ్యాన్లలోనూ మూటలు దిగాయి. డేగిసాలు నింపాం, మంటలు వెలిగించాం, టవర్ నెత్తిన నీళ్ళు పోశాం. మొదటి పన్నీరు సన్నటి ధారగా సీసాలో పడుతుంటే, చూశావా అన్నట్టు తమ్ముడి వైపు చూశాను. వాడు నవ్వాడు పాపం.

పొద్దెక్కింది. వీధిలో పోయేవాళ్ళు మా గుమ్మం దగ్గర ఆగడం మొదలుపెట్టారు. ఒకావిడ కళ్ళు మూసుకుని గుండెలనిండా పీల్చి, "మాహ్లకా ఖానుం, ఈ ఏడు మీ బట్టీ వాసన మసీదు దాకా వస్తోంది, మీ చేతులకి వెయ్యి దండాలు," అంది. రొట్టెలవాడూ అదే అన్నాడు. వీధి వీధంతా గులాబీ వాసనతో ఊగిపోతోందని అందరూ మెచ్చుకుంటుంటే నేను చున్నీ సర్దుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఇన్నేళ్ళలో మా బట్టీని ఇంతమంది ఒక్కరోజు పొగడలేదు.

నొస్రత్ లోపల్నుంచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. చెమటలు కారుతున్నాయి.

"అక్కా, వీళ్ళు పీలుస్తున్నది ఏంటో తెలుసా?"

"మన పన్నీరు."

"అదే. మన పన్నీరే. సీసాలో ఉండాల్సింది వీధిలో తిరుగుతోంది."

లోపలికి పరిగెత్తి గొట్టం మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. తొట్టిలో నీళ్ళు స్నానానికి కాచినట్టున్నాయి. ఆవిరి చల్లబడక గొట్టం చివర్నుంచి బుసబుసమని పోతోంది. మూలన టవర్ తను వదిలిన గాలే తను మింగుతూ ఆయాసపడుతోంది. సీసాలో పడ్డది నాలుక మీద వేసుకుని చూస్తే ఉడికించిన గడ్డి రుచి. ఆ రోజు సగం మూటలు పక్క బట్టీకి వెళ్ళాయి. మర్నాడూ అంతే. ఆ తర్వాత కొందరు రైతులు మా గుమ్మం దాకా కూడా రాలేదు, మలుపు దగ్గరే అటు తిరిగిపోయారు. వీధి మాత్రం ఘుమఘుమలాడుతూనే ఉంది. పొగిడేవాళ్ళని చూస్తే గొంతు పిసకాలనిపించింది.

తాబందేకి ఫోన్ చేశాం. "ఇంకా గులాబీల కాలం ఉంది. స్థలం దొరికితే చెప్పండి, క్రేన్‌తో వస్తాను," అంది. నేను చెప్పలేదా అని ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు తిట్టడానికి ఒక మనిషైనా దొరికేది.

హాజీ దగ్గరికి వెళ్ళమని నొస్రత్ నన్ను పోరుతున్నాడు. ఏ మొహంతో వెళ్ళను? వాకిట్లోకి రానిచ్చి, టీ ఇచ్చి, అప్పుడు తన అసలు షరతు బయటపెడతాడు. ఇప్పుడు మా పీక ఆయన చేతిలో ఉంది. అలా నేను లెక్కలేసుకుంటూ ఉండగానే హాజీ ఇంటి గుమ్మానికి నల్లగుడ్డ కట్టారు. జీవర్ పోయింది.

చావుకి వెళ్ళకపోతే మనుషులం కాదు. మూడోనాడు పరామర్శకి వెళ్ళాను. హల్వాలో వేయడానికీ సమాధి మీద చల్లడానికీ కిందటేటి పన్నీరు, మిగిలిన వాటిలో మేలైన సీసా, చున్నీ కింద పెట్టుకున్నాను. దుఃఖానికి వెళ్తున్నానా, స్థలానికి వెళ్తున్నానా అని దారిలో నన్ను నేనే అనుమానించుకున్నాను. రెండూ నిజమే.

ఆడవాళ్ళ గదిలో జీవర్ చెల్లెలు సనోబర్ సీసా అందుకుంది. ఆవిడ నతంజ్ నుంచి వచ్చి ఇక్కడే ఉండి అక్కకి సేవ చేసింది. నన్ను కిటికీ పక్కన, ఖాళీ మంచం దగ్గర కూర్చోబెట్టి ఖర్జూరాలు పెట్టింది. కిటికీలోంచి చూస్తే ఎదురుగా హాజీ పాతిన మేకులు. మంచం కింద ఒక పెద్ద రాగిపళ్ళెం, దానిమీద రాగిచెంబు. పళ్ళెం నిండా నీళ్ళు ఎండిన సున్నపు మరకలు.

ఆ చెంబు నేను ఇంతకుముందు చూశాను. గోడ మీద.

"ఇదెందుకు?" అని అడిగాను. చావింట్లో కూడా నా నోరు ఊరుకోదు.

"అక్కకి నిద్ర పట్టేది కాదు," అంది సనోబర్. "పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి ఈ కిటికీ కింద కాలవ చప్పుడు వింటూ పడుకున్న మనిషి. కాలవ ఎండిపోయాక ఇల్లు చచ్చిపోయినట్టుంది అనేది. మాట సరిగా రాకపోయినా అదొక్కటే అడిగేది, నీళ్ళేవీ అని. బావ పక్కన కూర్చుని చెంబుతో పళ్ళెంలో నీళ్ళు పోసేవాడు. చెంబు ఖాళీ అయితే మళ్ళీ నింపి పోసేవాడు. ఆవిడ నిద్రపోయేదాకా."

నేను వంగి పళ్ళెం మీది మరకలు వేలితో తడిమాను.

"మీ యంత్రం ఇక్కడికొస్తుందని ఎంత సంబరపడ్డాడో. నీళ్ళు ఆగకుండా పడతాయట, వానలా ఉంటుందట అని అక్కకి చెప్పాడు. ఇంజనీరు పిల్లని పిలిచి మరీ కనుక్కున్నాడు, కిటికీకి ఎంత దగ్గర పెడితే అక్కకి బాగా వినపడుతుందని. ఎవరితోనూ అనకమ్మా, మంచాన పడ్డ మనిషి కోసమని చెప్పి అడుక్కున్నట్టుంటుంది అన్నాడు. తర్వాత మీ వైపు పెట్టారుగా. అక్క చెవులు రిక్కించేది. మీ బాయిలరు హోరు తప్ప ఏమీ వినపడేది కాదు."

ఆవిడ నన్ను దెప్పలేదు. జరిగింది చెప్పింది, అంతే. మరో రెండు ఖర్జూరాలు నా పళ్ళెంలో వేసింది. నేను ఆ మేకులు చూస్తూ ఏడ్చాను. జీవర్ కోసం ఏడుస్తున్నాననుకుని పక్కన కూర్చున్నవాళ్ళు నా వీపు నిమిరారు.

బయటికి వస్తుంటే హాజీ గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్ళని సాగనంపుతున్నాడు. కళ్ళు లోపలికి పోయాయి. చొక్కా బొత్తాలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు.

"ఆవిడకి మిగిలిన ఆయుష్షు మీకు రావాలి హాజీ," అన్నాను.

"మీ అడుగులు నా కళ్ళకద్దుకుంటాను, ఖానుం." మా గోడ వైపు చూశాడు. ఆ వేళప్పుడు కూడా వీధంతా గులాబీ వాసన. అదేమిటో ఆయనకి తెలియకుండా ఉంటుందా? ఈ వీధిలో పుట్టినవాడు. "ఆ స్థలం అక్కడే ఉంది. మీకంటే ఎక్కువా."

ఒక్కసారే అన్నాడు. నీరసంగా, గుమ్మంలో అందరితో అనే మాటల్లో ఒకటిగా. ఇప్పుడిది మర్యాదే, సందేహం లేదు. వినవలసిన మనిషి మట్టిలో ఉంది. ఆయనకి ఇంక ఆ స్థలంలో యంత్రంతో ఏం పని? నిజంగా ఇచ్చినప్పుడు నేను తీసుకోలేదు. ఇప్పుడు మాటవరసకి ఇస్తున్నాడు, నాకేమో నిజంగా కావాలి. వద్దండీ అనడానికి నాలుక దానంతటదే లేచింది. పుట్టిన దగ్గర్నుంచి అలవాటైన మాట.

"రేపు క్రేన్ తీసుకొస్తాను, హాజీ," అన్నాను.

నా వెనక ఆడవాళ్ళ గుసగుసలు ఆగిపోయాయి. మొదటిసారికే ఒప్పేసుకోవడం, అదీ చావింటి గుమ్మంలో. ఇలాంటి సిగ్గుమాలిన పని మా ఇంటా వంటా లేదు. మొహం ఎర్రబడిందని నాకు తెలుస్తూనే ఉంది. కదలలేదు.

హాజీ స్థలం వైపు చెయ్యి చూపాడు.

"కిటికీ పక్కనే పెట్టండి," అన్నాడు. "మేకులు అలాగే ఉన్నాయి."

"ఇంకా ఎందుకు హాజీ, అక్కడే? అటు చివర పెట్టుకుంటాం. మీకు ఇబ్బంది లేకుండా."

"ఇప్పుడు నాకు నిద్ర పట్టడం లేదు," అన్నాడు.

మర్నాడు గొట్టాలు వేయడానికి నడిమి గోడకి పెద్ద కన్నం పెట్టాం. క్రేన్ టవర్ని ఎత్తి అటు దింపుతుంటే తాబందే మళ్ళీ ఎస్ఫంద్ పొగ పట్టి చూసి, చేత్తో సైగ చేసింది.

"ఖానుం, కిటికీకి ఇంకో నాలుగు అడుగులు ఇటు జరిపిద్దాం. గాలి ఇంకా బాగా ఆడుతుంది."

"వద్దు. మేకుల మధ్యే దించు."

"పనిచేస్తుంది, కాదనను. కానీ ఇటు జరిపితే మీకే లాభం."

"అక్కడే దించమన్నాను కదమ్మా."

ఆ పిల్ల పెన్సిలు చేత్తో పట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది. తనకి తెలిసిన సంగతి నాకూ తెలిసిందని ఆ పిల్లకి తెలియదు. నొస్రత్ ఏదో చెప్పబోతే కళ్ళతోనే ఆపాను. ముందు రోజు హాజీ ఇంట్లో ఎంత హల్వా పెట్టి నన్ను లొంగదీసుకున్నారో అని ఆ పిల్ల అనుమానపడి ఉంటుంది. పడనిచ్చాను.